డిస్నీ పెద్దాయన పుస్తకం చదివి చిత్తూరు కంపెనీ కొనొచ్చా?

ప్రశ్న: ముప్పై ఏళ్ల కింద మా నాయన తిరుపతిలో ఒక మైకుసెట్టుతో మొదలుపెట్టిన వ్యాపారం మాది. ఇప్పుడు సౌండు, లైటింగు, ఎల్‌ఈడీ తెరల దాకా వచ్చింది. మనుషులు 38 మంది. ఏడాదిగా నేనే చూసుకుంటున్నాను. నాయన తప్పుకున్నానంటారు గానీ రోజూ ఆఫీసుకు వస్తారు. ఈమధ్య డిస్నీ కంపెనీని నడిపిన రాబర్ట్ ఐగర్ రాసుకున్న ‘ద రైడ్ ఆఫ్ ఎ లైఫ్‌టైమ్’ అనే పుస్తకం చదివాను, చాలా నచ్చింది. అందులోని పది సూత్రాలు తెలుగులో రాయించి గోడౌన్‌లో ఫ్లెక్సీ కట్టించాను, అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. రెండు నెలలైనా ఏ మార్పూ లేదు. ఆయన యానిమేషన్ సినిమాల సంస్థ పిక్సార్‌ను కొన్నట్టు నేనూ చిత్తూరులో ఒక ఎల్‌ఈడీ సంస్థను కొనాలనుకుంటున్నాను. ఓనరు కుర్రాడు, మంచి పనిమంతుడు, అప్పుల్లో ఉన్నాడు. నాయనా, మా పాత మేనేజరూ వద్దంటున్నారు. ఆ పుస్తకం నుంచి నేను తీసుకోవాల్సింది ఏమిటి? మావాళ్లకు దాన్ని చదివించమంటారా?
— పేరు వద్దన్న పాఠకుడు, తిరుపతి

సమాధానం: ముందు ఆ ఫ్లెక్సీ దించెయ్యండి. ఆశావాదం, ధైర్యం, ఏకాగ్రత, నిజాయితీ లాంటి మాటలు ఒక మనిషి తన ఉద్యోగ జీవితాన్ని వెనక్కి తిరిగి చూసుకుని ఏరుకున్నవి. వాటిని చదివి రేపు పొద్దున ఫలానా పని మార్చుకోవాలని ఏ హెల్పరుకూ తెలియదు. పైగా గోడౌన్‌లో ‘నిజాయితీ’ అని పెద్దక్షరాలతో కడితే, కేబుల్ చుట్టలు లెక్క తగ్గినందుకు తమనే అనుమానిస్తున్నారని అనుకునేవాళ్లే ఎక్కువ.

పుస్తకం మంచిదే. అయితే మీకు పనికొచ్చేది సూత్రాల పేజీలో లేదు. ఏ పని ముందు చేశాడు, ఎవరికి ముందు ఫోన్ చేశాడు, కొన్నాక దేన్ని ముట్టుకోలేదు అన్న వరసలో ఉంది. ఇంకో సంగతి కూడా ఉంది. పుస్తకం 2019 సెప్టెంబరులో వచ్చింది. మీ ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చిక్కు, అంటే తప్పుకున్న పెద్దాయన తప్పుకోకపోవడం, డిస్నీలో ఆ తర్వాతే జరిగింది. మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన అధ్యాయం ఆ పుస్తకంలో లేదు. దాని గురించి చివర్లో చెప్తాం, ఎందుకంటే చిత్తూరు బేరం కూడా అది తేలాకే చెయ్యాలి.

మొదట ఆ పదికి బదులు ఏం పెట్టాలో చూద్దాం. 2005లో డిస్నీ సీఈఓ పదవి కోసం డైరెక్టర్ల బోర్డు ముందుకు వెళ్లబోతూ ఐగర్ తన ప్రాధాన్యాల జాబితా చదువుతుంటే, స్కాట్ మిల్లర్ అనే సలహాదారు మధ్యలోనే ఆపి మూడుకు మించితే అవి ప్రాధాన్యాలే కావన్నాడు. చివరికి మిగిలినవి మూడు: మేలురకం సినిమాలు, కార్యక్రమాలు తయారుచెయ్యడం, టెక్నాలజీని తప్పించుకోకుండా వాడుకోవడం, బయటి దేశాల్లో పెరగడం. తర్వాత పద్నాలుగేళ్లు ఆయన కొన్నవన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కిందికి వస్తాయి.

మీరూ మూడే రాయండి. రాసిన ప్రతిదానికీ ఒక పరీక్ష పెట్టండి: దీనివల్ల నేను ఏ పని వద్దంటాను? జవాబు రాకపోతే కొట్టెయ్యండి. ‘నాణ్యమైన సేవ’ అని రాస్తే మీరు వద్దనేది ఏమీ ఉండదు. ‘ముహూర్తానికి మూడు గంటల ముందే సౌండు, తెర, జనరేటరు మూడూ ఆన్ చేసి చూపించాలి’ అని రాస్తే, ఒకే రాత్రి ఒకే టీముతో శ్రీకాళహస్తిలో రిసెప్షను, పాకాలలో పెళ్లి ఒప్పుకోవడం కుదరదు. అది పనికొచ్చే ప్రాధాన్యం. రెండోది బయటి నుంచి అద్దెకు తెచ్చే సామాను గురించి కావచ్చు. పోయిన ఏడాది బిల్లులు తీసి, చెన్నై, బెంగళూరు నుంచి తెరలు అద్దెకు తెప్పించడానికి ఎంత కట్టారో నెలవారీగా కూడండి. వైశాఖం పెళ్లిళ్లు, గంగజాతర ఒకేసారి మీదపడే మే నెలలోనే సగానికి పైగా ఖర్చయితే, మీకు సొంత తెరలు అంతగా అక్కర్లేదు. ఆ ఒక్క నెలకు ముందే మాట్లాడి పెట్టుకున్న అద్దె చాలు. ఏడాది పొడవునా పరుచుకుని ఉంటేనే కొనుగోలు మాట. మూడోది మీరే తేల్చుకోండి.

ఐగర్‌కు పాత బాస్ డాన్ బర్క్ ఇచ్చిన సలహా ఒకటి అందులో ఉంది. ట్రాంబోన్ అనే బాకాకు రాసే నూనె తయారీలో నువ్వు లోకంలో మొదటివాడివైనా, లోకమంతా ఏడాదికి వాడేది నాలుగు సీసాలేనని దాని సారాంశం. మీ గోడౌన్‌లో దుమ్ముపట్టి ఉన్న సామాన్లు చూడండి. ఎవరో ఒక్క పెళ్లిలో అడిగారని కొన్న పొగ యంత్రమో, నిప్పులు లేని బాణసంచా పెట్టెలో ఉంటాయి. చిత్తూరు కుర్రాడి సామాన్ల జాబితాలో కూడా ఇలాంటివి ఉంటాయి. వాటికి రూపాయి లెక్క కట్టొద్దు.

ఇప్పుడు కొనుగోలు. పిక్సార్ కథలో మీకు నచ్చింది ధైర్యంగా అడిగెయ్యడం. మేం చూడమనేది అడగక ముందు జరిగింది. 2005 సెప్టెంబరులో హాంకాంగ్ డిస్నీలాండ్ ప్రారంభంలో ఊరేగింపు చూస్తూ, అప్పటికి పదేళ్లలో పుట్టిన పాత్రల్లో జనం గుర్తుపట్టేవి అన్నీ పిక్సార్‌వే, డిస్నీ సొంతవి లేవని ఆయన గమనించాడు. తన యానిమేషన్ విభాగం చితికిపోయిందని ముందు బోర్డుతోనే ఒప్పించాడు. ఆ తర్వాతే పిక్సార్‌లో పెద్ద వాటాదారైన స్టీవ్ జాబ్స్‌తో అసలు మాట. 2006 జనవరి 24న ప్రకటించిన ఒప్పందం విలువ 740 కోట్ల డాలర్లు, మొత్తం షేర్ల రూపంలోనే. దాంతో జాబ్స్ డిస్నీలో అందరికన్నా పెద్ద వాటాదారు అయ్యాడు. అంటే అమ్మినవాడి డబ్బు కొన్నవాడి కంపెనీ బాగుంటేనే బాగుంటుంది.

అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటి. పిక్సార్‌ను నడిపిన ఎడ్ క్యాట్మల్, జాన్ లాసెటర్‌లకు డిస్నీ సొంత యానిమేషన్ విభాగాన్ని కూడా అప్పగించారు. పిక్సార్‌లో మార్చకూడని వాటికి ఒక రాతపూర్వక ఒడంబడిక చేసుకున్నారు: పేరు అలాగే ఉంటుంది, ఆఫీసు పాత ఊరు ఎమెరీవిల్‌లోనే ఉంటుంది, గేటు మీది బోర్డు మారదు, ఉద్యోగుల పద్ధతులు మారవు. క్యాట్మల్ 2014లో రాసిన తన పుస్తకంలోనూ ఈ సంగతి ఉంది. రెండు వైపుల వాళ్లూ ఒకే మాట చెప్పిన చోటు కాబట్టి దీన్ని నమ్మొచ్చు.

కాబట్టి మీకు మా ప్రశ్న ఒకటే. ఆ చిత్తూరు కుర్రాడిని తిరుపతిలోని మీ ఎల్‌ఈడీ పని మొత్తానికీ పెద్దను చేస్తారా? మీ దగ్గర పదేళ్లుగా ఉన్న ఆపరేటరు ఆయన చెప్పినట్టు కేబులింగు మార్చుకుంటాడా? అవునంటే మీరు కొంటున్నది పిక్సార్ లాంటిదే. కాదంటే పాత ప్యానెళ్లు కొంటున్నారు, వాటికి పాత ప్యానెళ్ల ధరే ఇవ్వాలి.

ధర కట్టడానికి ప్యానెళ్లు ఎలా చూడాలో కాస్త వివరంగా చెప్తాం, బేరం చెడిపోయేది ఇక్కడే. మన దగ్గర ఎక్కువగా తిరిగేవి 500 మిల్లీమీటర్ల చదరపు ప్యానెళ్లు, 3.9 పిచ్‌వి (అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 3.9 మిల్లీమీటర్లు). అడ్డం 7, నిలువు 5, మొత్తం 35 పెడితే మనం 12×8 అడుగులు అని పిలిచే తెర. వాళ్లు చూపించే వీడియో చూసి రావద్దు, కదిలే బొమ్మలో లోపాలు కనిపించవు. సాయంత్రం పూట వాళ్ల గోడౌన్‌లోనే ఒక తెర కట్టించి, పూర్తి తెలుపు పెట్టి అరగంట వదిలెయ్యండి. వేడెక్కాక పదిహేను అడుగుల దూరం నుంచి ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కనుంచి చూడండి. కొన్ని గళ్లు గులాబీగానో పచ్చగానో తేలితే, అవి వేరే లాటువి (వేరే విడతలో తయారైనవి) లేదా మాడ్యూళ్లు, అంటే ప్యానెల్లోని విడి ముక్కలు, మార్చినవి. ఒకటి రెండైతే సర్దుకోవచ్చు. తెరంతా గళ్లగళ్లుగా ఉంటే సెట్టింగులతో పూర్తిగా పోదు, పెళ్లికూతురి తెల్లచీర మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా పెట్టండి. ఒక్కో రంగులో చచ్చిన చుక్కలు వేరుగా బయటపడతాయి. చుక్కలు చెదురుమదురుగా పోతే చిన్న రిపేరు. ఒక వరస మొత్తం పోతే ఐసీ సమస్య, మాడ్యూలు విప్పాలి.

వెనక్కి తిప్పి చూడండి. కనెక్టర్ల దగ్గర నీటి మరకలు, పచ్చటి చిలుము ఉంటే వానలో తడిసిన సరుకు. మూలల్లో దీపాలు రాలిపోయి ఉంటే పెట్టెలు లేకుండా టెంపోలో పేర్చి తిప్పారన్నమాట. స్పేర్ మాడ్యూళ్లు ఎన్ని ఉన్నాయో, అదే లాటువా కాదా అడగండి. ఒక్కో ప్యానెల్‌కు నాలుగు మాడ్యూళ్లు ఉంటాయి. స్పేరు లేని తెరకు మొదటి సీజనులోనే అతుకులు పడతాయి. మరిచిపోయేది ఇంకొకటి: బొమ్మను అందుకునే లోపలి రిసీవింగ్ కార్డులు, దాన్ని పంపే బయటి కంట్రోలరు ఏ కంపెనీవి? మీవి ఒక కంపెనీ, వాళ్లవి ఇంకో కంపెనీ అయితే రెండు తెరలను ఒకే పెద్ద తెరగా కట్టలేరు. కార్డులన్నీ మార్చాలి, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించాలి. పిచ్ వేరైతే ఆ ఆలోచనే మానుకోండి, 3.9 పక్కన 4.8 పెడితే అతుకు ఎవరికైనా తెలుస్తుంది.

సామాను బాగున్నా కాగితాల్లో మునిగేవాళ్లు ఉన్నారు. ఆ కుర్రాడు అప్పుల్లో ఉన్నాడన్నారు. ఏ అప్పు దేని మీద ఉందో ఒక్కొక్కటీ రాయించుకోండి. ప్యానెళ్ల మీద బ్యాంకు లోనుంటే బ్యాంకు నుంచి అభ్యంతరం లేదనే కాగితం రాకుండా సామాను మీ గోడౌన్‌కు రాకూడదు. బండి ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరుంటే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 ఇచ్చి తీయించాకే మీ పేరు మీదికి మార్చుకోవాలి. రోజువారీ ఫైనాన్సు, చీటీ బాకీలు కాగితంలో ఉండవు. ఓనరు ఇంట్లోవాళ్లు కూడా కూర్చున్నప్పుడు అడిగితేనే బయటికొస్తాయి. జీఎస్టీ చట్టం 85వ సెక్షను ప్రకారం వ్యాపారాన్ని కొన్నవాడు, బదిలీకి ముందునాటి పన్ను బకాయిలకు కూడా అమ్మినవాడితో పాటు బాధ్యుడవుతాడు. అందుకే రెండేళ్ల జీఎస్టీఆర్-3బీలు (జీఎస్టీ రిటర్నులు), బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి మీ ఆడిటరు గారితో చూపించండి. వ్యాపారాన్ని పేరుతో సహా కొనాలా, సామాను మాత్రం బిల్లు మీద కొనాలా అన్నది కూడా ఆయనతో ముందే తేల్చుకోండి, పన్ను రెండింటికీ ఒకలా ఉండదు.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది అడ్వాన్సులు. రాబోయే శ్రావణం, కార్తీకం ముహూర్తాలకు ఆయన తీసుకున్న అడ్వాన్సులు ఇప్పటికే ఖర్చయి ఉంటాయి. ఆ పెళ్లిళ్లు మీరు చెయ్యాలి, వచ్చేది మిగిలిన బ్యాలెన్సు మాత్రమే. ఆర్డర్ల పుస్తకం తెప్పించి, తీసుకున్న అడ్వాన్సులన్నీ కూడి ధరలోంచి తీసెయ్యండి. పెళ్లివాళ్లకు ఇద్దరం కలిసి ఫోన్ చేద్దామంటే ఆయన వెనకాడితే, ఆ పుస్తకంలో లేని అడ్వాన్సులు ఇంకా ఉన్నట్టే లెక్క.

ఇక డబ్బు ఎలా ఇవ్వాలి. మొత్తం ఒకేసారి ఇస్తే అప్పులవాళ్లు పట్టుకుపోతారు, కుర్రాడికి మీ దగ్గర ఉండాల్సిన అవసరమూ ఉండదు. మూడో వంతు బదిలీ రోజున, నేరుగా బ్యాంకు అప్పుకు జమయ్యేలా ఇవ్వండి. ఇంకో మూడో వంతు ఒక పూర్తి పెళ్లిళ్ల సీజను నడిచాక, మిగిలింది ఏడాది నిండాక. దానిపైన ఎల్‌ఈడీ పని లాభంలో ఇంత శాతం అని రాసివ్వండి. పోటీ పెట్టకూడదనే షరతు గురించి జాగ్రత్త. మన కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఉద్యోగం మానేశాక పోటీ వ్యాపారం చెయ్యకూడదని ఉద్యోగితో రాయించుకున్నది సాధారణంగా నిలవదు. వ్యాపారపు పేరు, గుడ్‌విల్ (జనంలో దానికున్న మంచిపేరు) అమ్మినవాడితో ఫలానా ప్రాంతంలో పెట్టననే షరతు, న్యాయంగా ఉంటే నిలుస్తుంది. కాబట్టి మీకు ఆ షరతు కావాలంటే గుడ్‌విల్ కొన్నట్టు దస్తావేజులో విడిగా, విలువతో సహా కనిపించాలి.

ఒప్పందంలో రాయని మాటల సంగతి కూడా ఆ పుస్తకంలోనే ఉంది, చాలామంది దాటేస్తారు. 2012లో ‘స్టార్ వార్స్’ సినిమాల సంస్థ లూకాస్ ఫిల్మ్‌ను 405 కోట్ల డాలర్లకు కొన్నప్పుడు, జార్జ్ లూకాస్ తర్వాతి సినిమాలకు రాసిపెట్టిన కథల రూపురేఖలనూ డిస్నీ కొన్నది. వాటినే తీయాలన్న షరతు లేదు. అయినా అవే తీస్తారని లూకాస్ అనుకున్నాడు. తీయడంలేదని తెలిసినప్పుడు మోసపోయినట్టు బాధపడ్డాడు. కాగితం ప్రకారం డిస్నీది తప్పుకాదు. కానీ చిత్తూరులో ఆ స్థాయి బాధ వస్తే మర్నాడే ఇద్దరు ఆపరేటర్లను వెంటబెట్టుకుని కుర్రాడు వెళ్లిపోతాడు. సంతకాలకు ముందు ఆయన్ని అడగండి: బోర్డు మీద మీ పేరు ఎన్నాళ్లుంటుందని అనుకుంటున్నారు? మీ మనుషుల రోజువారీ బత్తా ఎవరు తేలుస్తారు? వేలూరు వైపు ఆర్డర్లు ఎవరు ఒప్పుకోవాలి? వచ్చిన జవాబులు ఆయన మాటల్లోనే రాసి చూపించండి. నచ్చనివి అప్పుడే చెప్పండి.

ధర విషయంలో మరో మాట. 2017 డిసెంబరులో ఫాక్స్ ఆస్తులకు డిస్నీ ఒప్పుకున్నది 5,240 కోట్ల డాలర్లు. కామ్‌కాస్ట్ అనే మరో అమెరికా సంస్థ పోటీకి రావడంతో అది 7,130 కోట్లకు పెరిగింది. 2019 మార్చిలో బేరం ముగిసింది, మనం రోజూ చూసే స్టార్ మా కూడా దాంతోపాటే డిస్నీ చేతికి వెళ్లింది. పుస్తకం ఆ ఉత్సాహంలో ముగుస్తుంది. ఏడాది తిరక్కముందే కొవిడ్ వచ్చి పార్కులు మూతపడ్డాయి, 2020 మేలో వాటాదారులకిచ్చే డివిడెండు ఆపారు. 2022లో ఐపీఎల్ డిజిటల్ హక్కులు చేజారాయి. 2024 నవంబరులో స్టార్ ఇండియా రిలయన్స్ వ్యాపారంతో కలిసిపోయి డిస్నీకి మూడో వంతుకు కాస్త పైన వాటా మిగిలింది. తప్పుడు బేరమని మేం అనడంలేదు. పోటీలో ధర పెరిగినప్పుడు, చెడ్డ ఏడాదికి ఉంచుకోవాల్సిన డబ్బు అందులో కలిసిపోతుంది. చిత్తూరు సంస్థ కోసం వేలూరు నుంచి ఇంకెవరో వస్తున్నారని మీ చెవిన వేస్తే, కొత్త ప్యానెళ్లకు చెన్నై డీలరు ఇచ్చిన కొటేషను తీసి పక్కన పెట్టుకోండి. మీ పై హద్దు అదే. మనుషులందరికీ మూడు నెలల జీతాలకు సరిపడా డబ్బు ముట్టుకోకుండా మిగిలితేనే ముందుకెళ్లండి.

నాయనగారు, మేనేజరు వద్దంటున్నారన్నారు. ఎందుకు వద్దంటున్నారో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. పిక్సార్ బేరానికి ముందు జాబ్స్, ఐగర్ వైట్‌బోర్డు మీద లాభాలు ఒకవైపు, నష్టాలు ఒకవైపు రాసుకుంటే నష్టాల వైపే నిండిపోయింది. లెక్కకు ఎన్నని కాకుండా ఒక్కొక్కటి ఎంత బరువుందో చూశారు. అదే మీరు ముగ్గురూ చెయ్యండి. మాట్లాడుకోక ముందే ఎవరికి వారు విడిగా రాయాలి, లేకపోతే మేనేజరు మీ నాయనగారి ముఖం చూసి రాస్తారు. మేనేజరు భయం చాలావరకు తన కుర్చీ గురించే అయి ఉండొచ్చు. ఐగర్ పదవికి ఎంపికయ్యాక, కంపెనీని పెట్టిన వాల్ట్ డిస్నీ అన్న కొడుకు రాయ్, కంపెనీ మీద కోర్టుకెక్కాడు. గౌరవ డైరెక్టరు హోదా, ఆవరణలో ఒక ఆఫీసు ఇచ్చి 2005 జులైలో ఆ గొడవ ముగించారు. మీ మేనేజరుకు కొత్త ఏర్పాటులో చేతినిండా పని ఏముందో ముందే చెప్పండి. మండపాల యజమానులతో మాటలు, సామాను లెక్క ఆయన చేతిలోనే ఉంటాయంటే సగం వ్యతిరేకత తగ్గుతుంది.

ఇప్పుడు పుస్తకంలో లేని అధ్యాయం. ఐగర్‌కు ముందు డిస్నీని నడిపిన మైఖేల్ ఐస్నర్ 2005 సెప్టెంబరు 30న పదవి వదిలినప్పుడు బోర్డు సభ్యత్వం కూడా వదిలేసి పూర్తిగా వెళ్లిపోయాడు. నాలుగు నెలలు తిరక్కుండానే ఐగర్ పిక్సార్ కొనుగోలు ఒప్పందం చేసుకోగలిగాడు. ఐస్నర్ హయాంలో పిక్సార్‌తో చెడిపోయిన సంబంధాన్ని బాగుచేసుకోవడానికి అడ్డు ఎవరూ లేరు. అదే ఐగర్ తన వంతు వచ్చేసరికి రిటైర్మెంటును పలుమార్లు వాయిదా వేసుకున్నాడు. 2020 ఫిబ్రవరి 25న బాబ్ చేపెక్‌కు పదవి ఇచ్చి, తాను ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా 2021 డిసెంబరు దాకా ఉండి సృజనాత్మక పనులు తన కిందే పెట్టుకున్నాడు. 2020 అక్టోబరులోనే చేపెక్ సంస్థ నిర్మాణం మార్చి, సినిమాలు, సీరియళ్లు తీసేవాళ్ల చేతిలోంచి డబ్బు నిర్ణయాలు తీసేశాడు. స్టూడియోల వాళ్లకు అది మింగుడుపడలేదు. బోర్డు 2022 జూన్‌లో చేపెక్ కాంట్రాక్టును మూడేళ్లు పొడిగించి, నవంబరు 20న ఆయన్ను తీసేసి ఐగర్‌నే వెనక్కి పిలిచింది. ఆ ఏడాది జులై–సెప్టెంబరు మూడు నెలల్లో స్ట్రీమింగ్ నష్టం 147 కోట్ల డాలర్లు. 2023 ఫిబ్రవరిలో 7,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. చేపెక్ పొరపాట్లు చేపెక్‌వే. అయితే దాదాపు రెండేళ్లపాటు ఆ సంస్థలో ఒక నిర్ణయానికి ఇద్దరు పెద్దలున్నారు.

మీ ఆఫీసులోనూ అదే. కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది చిన్న సంగతి. పార్టీల ఫోన్లు ఏ నంబరుకు వస్తున్నాయి? మీ నాయనగారి సొంత సెల్‌కే అయితే, ధర ఆయనే చెప్తారు, తారీకు ఆయనే ఒప్పుకుంటారు. మీకు సాయంత్రం తెలుస్తుంది. ముందు ఆ నంబరును ఆఫీసు ఫోన్‌లోకి మార్చి, ఆర్డర్ల పుస్తకం పక్కన పెట్టండి. ఆయనకు కొత్త నంబరు తీసివ్వండి. ఇది ఆయనకు కష్టంగా ఉంటుంది, కాబట్టి మీరే అడగాలి, మేనేజరుతో చెప్పించొద్దు.

రెండోది, ఒక కాగితం. ఏ నిర్ణయం మీదే, ఏది ఇద్దరూ కలిసి, ఏది ఆయనదే అని రాసుకోండి. మనుషుల్ని పెట్టుకోవడం, తీయడం, రేటు తగ్గించడం, ఫలానా మొత్తం దాకా సామాను కొనడం మీవి. స్థలం అమ్మడం, పెద్ద అప్పు ఇద్దరివీ. చిత్తూరు బేరం కూడా ఇద్దరిదే. పాత బాకీల వసూలు ఆయనకే వదలండి, ఇరవై ఏళ్ల పరిచయం ఉన్న మండపం యజమాని మీరు ఫోన్ చేస్తే రేపంటాడు, ఆయన చేస్తే ఇస్తాడు. ఈ కాగితాన్ని మనుషుల ముందు చదవాల్సింది ఆయనే. ఆ తర్వాత ఎవరైనా సెలవు అడగడానికి ఆయన దగ్గరికి వెళ్తే ‘అబ్బాయిని అడుగు’ అనడం ఆయన వంతు. ఒక్కసారి జాలిపడి ఇచ్చేస్తే కాగితం చెల్లదు. రోజూ కాకుండా వారానికి ఒక రోజు వస్తానని, వచ్చే ఉగాది దాకా అని తారీకు పెట్టుకోండి.

మూడోది, సంస్థ ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. ఇంకా మీ నాయనగారి ప్రొప్రయిటర్‌షిప్‌గానే, అంటే ఆయన ఒక్కరి పేరునే, ఉంటే, పాన్, జీఎస్టీ అన్నీ ఆయనవే. బ్యాంకు దృష్టిలో మీరు ఎవరూ కాదు. ప్రొప్రయిటర్ మారితే పాత జీఎస్టీ నంబరు కొనసాగదు. కొత్త రిజిస్ట్రేషను తీసుకుని, పాతదాంట్లో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్నుకు వచ్చే జమను) ఆడిటరు సర్టిఫికెట్‌తో ఐటీసీ-02 ఫారం ద్వారా బదిలీ చెయ్యాలి. ఈ ఫారం మరిచిపోయి క్రెడిట్ వదులుకునేవాళ్లు ఉన్నారు. తండ్రీకొడుకులు భాగస్వామ్యంగా మార్చుకున్నా పాన్ మారుతుంది కాబట్టి కొత్త నంబరు తప్పదు. చిత్తూరు ఒప్పందం పాత ప్రొప్రయిటర్ పేరు మీద రాసి, తర్వాత సంస్థ మారిస్తే ప్రతి కాగితమూ మళ్లీ రాయాలి. కాబట్టి ముందు మీ ఇంటి బదిలీ, తర్వాత కొనుగోలు.

దీనికంతా కాలం ఆషాఢం. పెళ్లిళ్లుండవు, తెరలు రెండు చోట్లా గోడౌన్‌లోనే ఉంటాయి, పరీక్షకు అన్నీ దొరుకుతాయి. నెల మొదట్లో మీ సంస్థ కాగితాలు, మధ్యలో చిత్తూరు సామాను, లెక్కల తనిఖీ పెట్టుకోండి. శ్రావణం మొదటి ముహూర్తానికి ముందు తేలకపోతే కార్తీకం సీజను దాటేదాకా వదిలెయ్యండి, సీజను మధ్యలో రెండు టీములు కలిపితే రెండూ చెడతాయి.

పుస్తకం మనుషులకు చదివించాలా అన్నారు. అక్కర్లేదు. మీరు మాత్రం మరోసారి చదవండి, ఈసారి పెన్సిలు పట్టుకుని. ఆయన నిర్ణయం తీసుకున్న ప్రతిచోటా పక్కన మూడు సంగతులు రాయండి: అప్పటికి ఆయనకు తెలిసిందేమిటి, కాదంటే ఎవరికి నష్టం, తర్వాత ఏమైంది. మూడోది పుస్తకంలో తరచుగా దొరకదు. డిస్నీ ఏటా ఇచ్చే వార్షిక నివేదికలు అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. వాళ్ల ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు చివర ముగుస్తుంది కాబట్టి 2019 నివేదికతో మొదలుపెట్టి 2020, 2022 చూడండి. అప్పు, డివిడెండు, స్ట్రీమింగ్ నష్టం అనే మూడు లైన్లు వెతికితే చాలు. ఆశావాదం గురించిన పేజీలు దాటేసినా నష్టం లేదు.